అసలు కన్నా కొసరు ప్రియం

బేరమాడడం ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బని మగవాళ్ళు వేళాకోళం చేస్తూ ఉంటారు. చెయ్యనివ్వండి! విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో (ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొట్టమొదటి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరు పెట్టుకున్న మార్కెట్టది) అరకిలో బెండకాయలు తూయించుకుని, పైన నాలుగు పచ్చిమిరపకాయలూ ఓ కరివేపాకు రెబ్బా సంచిలో పడేదాకా కదలని ఇల్లాలు పిసినారి కాదు, ఆర్థికశాస్త్రం చదవకుండానే తెలిసినావిడ. ఆ పైన వేసేదాన్నే మనం కొసరు అంటాం. అసలు కొన్నవాళ్ళ హక్కు. కొసరు అమ్మినవాడి మర్యాద. కొసరుకి ఖరీదుండదు.

ఉండదనే అనుకున్నాం. కానీ గడిచిన నూట పాతికేళ్ళలో ఒక విచిత్రం జరిగిపోయింది. కొసరు మెల్లిగా పెరిగి పెరిగి అసలుని మింగేసింది. ఆ కొసరు పేరు బ్యాటరీ.

మీ ఇంట్లో సంగతి నాకు తెలీదుగానీ, మా ఇంట్లో వైరులేని డ్రిల్లింగు మిషను మగవాళ్ళ పట్టుచీర. దసరా వచ్చిందంటే మనం బీసెంటు రోడ్డుకేసి చూస్తాం, వాళ్ళు హార్డువేరు షాపుకేసి చూస్తారు. ఆయుధపూజ సాకు ఎలాగూ ఉంది. “సగం ధరకే వస్తోందోయ్!” అని మావారు ఫోను చూపించినప్పుడు, చీరల షాపులో ‘ఏభై శాతం తగ్గింపు’ బోర్డు కింద నుంచున్నప్పుడు మనం ఏం చేస్తామో నేనూ అదే చేశాను. వెనక్కి తిప్పి అంచు చూశాను. అంచులో చిన్న అక్షరాలతో ఉంది: బ్యాటరీ, చార్జరు విడిగా కొనుక్కోవలెను. అంటే చీర ఇస్తారన్నమాట, దారం తప్ప!

ఈ ఏర్పాటు నిన్నా మొన్నా పుట్టింది కాదు. దీనికో పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన కృష్ణా డెల్టాకీ వాటా ఉంది.

1866లో లెక్లాంషే అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక గాజు జాడీలో నవాసాగరం కలిపిన నీళ్ళు పోసి, అందులో జింకు కడ్డీ, మాంగనీసు పొడి మధ్య బొగ్గు పలక పెట్టి కరెంటు తీశాడు. నవాసాగరం అంటే మనకి కొత్తేమీ కాదు. ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాడు మండే గిన్నెలో ఇంత చల్లి తెల్లటి పొగ లేపేవాడే, అదే. ఆ నల్లటి మాంగనీసు ధాతువేమో మన విజయనగరం జిల్లా గనుల్లో దొరుకుతుంది. చూశారా, సరుకంతా మన పెరట్లో వస్తువులే! నీళ్ళ జాడీ ఒలికిపోతుందని 1886లో గాస్నర్ అనే జర్మను ఆయన ఆ నీళ్ళని ముద్దగా మార్చి జింకు డబ్బాలో బిగించాడు. దాంతో ‘డ్రై సెల్లు’ పుట్టింది. 1899లో అమెరికాలో మిసెల్ అనే ఆయనకి గొట్టంలాంటి చేతిదీపానికి పేటెంటు వచ్చింది. ఆ పేటెంటు చేరిన కంపెనీయే తర్వాత ‘ఎవరెడీ’ అయింది.

మన దేశంలో ఎవరెడీ కంపెనీ 1934లో ఏర్పడింది. 1959 నుంచి దాని పేరు యూనియన్ కార్బైడ్ ఇండియా. పేరు ఏదైతేనేం, మన పల్లెల్లో టార్చిలైటంటే ఎవరెడీయే. తొమ్మిది అంకెలోంచి దూకే పిల్లి బొమ్మ చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు.

డెల్టాలో టార్చిలైటు సోకు వస్తువు కాదు. కాలవ చివరి భూములవాళ్ళకి నీటివంతు ఏ అర్ధరాత్రో వచ్చేది. గట్టు మీద ఎక్కడ పాముందో తెలీదు, ఎక్కడ బుంగ పడిందో తెలీదు. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో మూడు సెల్సు లైటు. ఇంటి పెద్ద లైటు తీసుకుని వెళ్ళాడంటే తిరిగి గుమ్మంలో ఆ వెలుగు పడేదాకా ఇంటావిడకి నిద్ర ఉండేది కాదు.

లైటు ఒకసారి కొంటే పదేళ్ళు ఉండేది. సెల్సు మాత్రం తరచూ మార్చాలి. అసలు, కొసరు లెక్క అక్కడే మొదలైంది. గొట్టం ధర ఒక్కసారి ఏడిపిస్తుంది, సెల్సు ధర జన్మంతా ఏడిపిస్తుంది. అందుకే మా అమ్మమ్మ నీరసించిన సెల్సుని అప్పడాలతోపాటు చేటలో పెట్టి ఎండలో ఆరబెట్టేది. అది మూఢనమ్మకమేమీ కాదు. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుంది, ఓ పూట వెలుగు మిగులుతుంది. ఆ పూట వెలుగే ఆవిడ కంపెనీ దగ్గర గుంజుకున్న కొసరు.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి, కరెంటులేని ఇంట్లోకి కూడా పాటలూ నాటకాలూ వార్తలూ వచ్చాయి. ఆడవాళ్ళకి మధ్యాహ్నం తోడు దొరికింది. సెల్సు ఖర్చు రెట్టింపైంది.

ఆ ఖర్చు దండగా కాదా అన్నది 1977 నవంబరు 19న తేలింది. దివిసీమ ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు... ఆ పేర్లు వింటే ఈనాటికీ మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడ్డం ఆపేస్తారు. అప్పటికి నేనింకా పుట్టలేదు. మా అమ్మ చెప్పేది: స్తంభాలన్నీ పడిపోయాక నెలల తరబడి రాత్రి అంటే నిజంగా రాత్రేనని, అప్పుడు పిలిచిన మనిషిని వెతకడానికి చేతిలో ఉన్న రెండు సెల్సే దిక్కని. 1990 మే 9న మళ్ళీ మన తీరానికే పెద్ద తుపాను వచ్చింది. అది నాకు బాగా గుర్తు. అరుగు మీద పదిమంది ఒక ట్రాన్సిస్టరు చుట్టూ మూగి, గొంతు సన్నగిల్లకుండా టార్చిలైటులోంచి సెల్సు తీసి దానికి పెట్టి హెచ్చరికలు విన్నాం. ముందే చెప్పి లక్షలమందిని ఖాళీ చేయించడంవల్ల ఆసారి పోయిన ప్రాణాలు వెయ్యిలోపే. అవీ ప్రాణాలే, కాదనను. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య తేడాలో సర్కారు వంతు ఎంతో, వార్త మోసుకొచ్చిన ఆ సెల్సు వంతూ అంతో ఇంతో ఉంది.

ఇక్కడ చేదు మాట ఒకటి చెప్పక తప్పదు. మనకి వెలుగిచ్చిన ఆ కంపెనీకే భోపాల్లో పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండేది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాంట్లోంచి విషవాయువు లీకై నిద్రలో ఉన్న బస్తీల మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే మూడువేలకు పైగా ప్రాణాలు. ఆ తర్వాతి ఏళ్ళలో మరెన్నో వేలు. ఆ ఫ్యాక్టరీలో భద్రత ఏర్పాట్లు పనిచెయ్యకుండా పడి ఉన్నాయి. ఖర్చు తగ్గించుకోడానికి మనుషుల్నీ తగ్గించారు. 1989లో 47 కోట్ల డాలర్లకి రాజీ అయింది. 1994లో అమెరికా కంపెనీ తన వాటా అమ్ముకుని వెళ్ళిపోయింది. 1995లో ఆ కంపెనీ పేరు ఎవరెడీ ఇండస్ట్రీస్‌గా మారింది. పిల్లి బొమ్మ అలాగే ఉంది. చవగ్గా నడిపించడం అంటే ఏమిటో ఆ రాత్రి దేశానికి తెలిసింది. ఎవరో ఒకరు ఆ మిగిలిన ధర చెల్లిస్తారు. కొన్నవాడు కాకపోతే పక్కనున్నవాడు.

ఇంకో పక్క పోటీ వచ్చింది. 1972లో జపాను మాత్సుషితా సాయంతో ఇండో నేషనల్ అనే కంపెనీ ఏర్పడి, నెల్లూరులో ‘నిప్పో’ సెల్సు తయారీ మొదలుపెట్టింది. 1977లో హైదరాబాద్ బ్యాటరీస్, 1985లో తిరుపతి దగ్గర గల్లా రామచంద్రనాయుడుగారి అమరరాజా. అన్నీ మన తెలుగునాట వెలిసినవే! ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం 1979లో మొదలైనా కరెంటు కోతలు మాత్రం మనల్ని వదల్లేదు కదా. కోత పుణ్యమా అని ఎమర్జెన్సీ లైట్లూ, ఆ తర్వాత ఇన్వర్టర్లూ ఇంటింటికీ వచ్చాయి. అప్పుడూ అంతే. ఇన్వర్టరు పెట్టె ఒకసారి, దాని కిందుండే బ్యాటరీ మూడు నాలుగేళ్ళకోసారి.

ఇక మిషన్ల కథ. మన వడ్రంగి దగ్గర తాడు చుట్టి ముందుకీ వెనక్కీ లాగే బర్మా ఉండేది, గుర్తుందా? దానికి బ్యాటరీ వడ్రంగి జబ్బలే. 1895లో జర్మనీలో ఫైన్ అనే ఆయన చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లు చేశాడు. 1917లో అమెరికాలో బ్లాక్, డెకర్ అనే ఇద్దరు స్నేహితులకి తుపాకిలా పిడీ మీటా ఉన్న డ్రిల్లుకి పేటెంటు వచ్చింది. ఈనాటికీ రూపం అదే. ఆ కంపెనీయే 1961లో వైరు కత్తిరించేసి, నికెల్-కాడ్మియం బ్యాటరీతో నడిచే డ్రిల్లు అమ్మింది. చంద్రమండలం కోసమే దీన్ని కనిపెట్టారని కొందరు గొప్పగా చెబుతారుగానీ అది తిరగేసిన మాట. ముందు ఇంటికొచ్చింది, తర్వాతే చంద్రుడి మీదికి వెళ్ళింది. 1971లో అపోలో 15లో వెళ్ళిన డేవిడ్ స్కాట్ అక్కడ నేల తొలవడానికి చెమటలు కక్కాడు. చంద్రుడి మీద ప్లగ్గు పెట్టే గోడ లేదు మరి!

నికెల్-కాడ్మియం బరువెక్కువ, బలం తక్కువ, పైగా కాడ్మియం విషం. 2016 చివరితో యూరప్‌లో ఇలాంటి మిషన్లకి దాన్ని నిషేధించారు. 1991లో సోనీ కంపెనీ లిథియం-అయాన్ బ్యాటరీ మార్కెట్లోకి తెచ్చింది. దాన్ని సాధ్యం చేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. 2005 నాటికి లిథియం బ్యాటరీ డ్రిల్లింగు మిషన్లలోకీ ఎక్కింది. అక్కణ్ణుంచి మన ఆటోనగర్‌కి రావడానికి ఎంతసేపు? 1966లో మొదలై, లారీ బాడీలు కట్టడంలో దేశమంతా పేరు తెచ్చుకున్న చోటది. కొత్త పనిముట్టు ఎక్కడ పుట్టినా వాసన పట్టేస్తారు.

వైరులేని మిషను విలువేమిటో నాకు 2024 సెప్టెంబరులో అర్థమైంది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. డాబాల మీద చిక్కుకున్నవాళ్ళకి డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. అవి ఎగిరిందీ లిథియం బ్యాటరీతోనే. నీళ్ళు తీశాక చూస్తే తలుపులన్నీ ఉబ్బిపోయాయి, బీరువాలు విచ్చుకున్నాయి. ఎన్నో ఇళ్ళల్లో కరెంటు పెట్టుకోడానికి భయం. మా చుట్టాలింటికి వచ్చే వడ్రంగి మిషనుకి వైరుంది, కరెంటులేదు. వైరులేని మిషనున్న కుర్రాళ్ళు రోజుకి నాలుగిళ్ళు చేసుకుపోతుంటే ఆయన బడ్డీ దగ్గర కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషి!

ఆయన భార్య చిట్టీ పాడి డబ్బు తెచ్చింది. ఆయన అగ్గువకి వస్తోందని పేరూ ఊరూ లేని మిషనొకటి కొన్నాడు. మీద 88 అని పెద్ద అంకె ఉంది. ఆరు నెలలకి బ్యాటరీ ఉబ్బింది. విడిగా అలాంటి బ్యాటరీ ఎక్కడా దొరకలేదు, వేరే కంపెనీది దాంట్లో దూరదు. మిషను శుభ్రంగా ఉంది, తిరగదు. “అమ్మా, గేదెని కొన్నాక గడ్డి పరాయి ఊళ్ళోనే దొరుకుతుందని ఎవరు చెప్పారండీ మాకు?” అందావిడ. చిట్టీ వాయిదాలు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.

ఆవిడ మాట విన్నాక నేను కాగితం, పెన్సిలు తీసుకుని ఈ బేరం లెక్క నేర్చుకున్నాను. మనం పులుసులో ఉప్పు చూసినంత సులువే, భయపడకండి.

మొదటిది, వోల్టులు. లిథియం సెల్లు ఒక్కొక్కటి 3.6 వోల్టులు. అయిదు కలిపితే 18. నిండా చార్జి చేసిన క్షణంలో అదే 20 చూపిస్తుంది. అందుకే ఒకే కంపెనీ ఒకే సరుకుని అమెరికాలో 20 అనీ యూరప్‌లో 18 అనీ అమ్ముతుంది. 20 ఎక్కువ, 18 తక్కువ అనుకుని డబ్బెక్కువ పెట్టక్కర్లేదు. ఇక 48, 88 అని ఉండి పక్కన మరో అక్షరం తగిలించి ఉంటే అవి వోల్టులే కావు, ముగ్గు.

రెండోది, అసలు సరుకు. వోల్టుల్ని యాంపియర్-అవర్లతో గుణించండి. 18 వోల్టులు, 2 యాంపియర్-అవర్లు అయితే 36 వాట్-అవర్లు. 4 అయితే 72. ఇదే డబ్బాలో బియ్యం కొలత. డబ్బా ఎంత పెద్దదన్నది కాదు, బియ్యం ఎంత ఉన్నాయన్నది చూడాలి.

మూడోది, ఉట్టి మిషనా, కిట్టా? ఒకరు ‘సోలో’ అంటారు, ఇంకొకరు నంబరు చివర ‘జెడ్’ తగిలిస్తారు. అర్థం ఒకటే: బ్యాటరీ లేదు. ఉట్టి మిషను 4,000, బ్యాటరీ 3,000, చార్జరు 2,000 అనుకోండి. విడివిడిగా రెండు బ్యాటరీలతో 12,000. అదే కిట్టుగా 9,000కి దొరికితే మొదటిసారి కిట్టే మంచి బేరం. రెండో పనిముట్టు అదే కంపెనీది ఉట్టిది కొంటే అప్పుడు 4,000తో సరి. అంటే మొదటి మిషను కొన్నరోజునే మనం ఆ కంపెనీ ఇంటికి కోడలిగా వెళ్ళినట్టు. అందుకే ముందు సంబంధం విచారించాలి: బ్యాటరీ విడిగా మన ఊళ్ళో దొరుకుతుందా? సర్వీసు సెంటరుందా? గ్యారంటీ బ్యాటరీకి కూడానా, ఉట్టి మిషనుకేనా? ఈ బాధ తెలిసే కొన్ని కంపెనీలు 2018లోనూ 2020లోనూ జట్లు కట్టి ఒకళ్ళ బ్యాటరీ ఇంకొకళ్ళ మిషనుకి సరిపోయేట్టు చేశాయి. జట్టులో ఉన్నదాన్ని కొంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

నాలుగోది, తయారీ నెల. బ్యాటరీ ఊరగాయ కాదు, నిలవుంచితే రుచి పెరగడానికి. పండగ తగ్గింపుల్లో గోడౌన్లో రెండేళ్ళు మగ్గినవి కూడా బయటికొస్తాయి.

అయిదోది మా అమ్మమ్మకి కోపమొచ్చే మాట. లిథియం బ్యాటరీని ఎండలో పెట్టకూడదు. బెజవాడ రోహిణీ కార్తె ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే దాని ఆయుష్షు కరిగిపోతుంది. చాన్నాళ్ళు వాడకపోతే సగం చార్జితో చల్లని చోట దాచాలి. ఒక తరం పొదుపు ఇంకో తరానికి దూబరా అవుతుందంటే ఇదే.

కొసరుతో బతికే ఈ వ్యాపారానికి గడ్డం గీసుకునే బ్లేడు కథ చెబుతారు. జిల్లెట్ రేజరు పిడి చవగ్గా ఇచ్చి, బ్లేళ్ళలో లాగాడని. నిజానికి మొదట్లో ఆయన పిడిని 5 డాలర్లకి ప్రియంగానే అమ్మాడు. 1921లో పేటెంటు తీరి పోటీ ముదిరాకే పిడి దిగొచ్చింది. అంటే కంపెనీవాడి దయ కాదు, పోటీ గుణం. మనకి బేరం కావాలంటే పోటీ ఉండాలి, పోటీ పనిచెయ్యాలంటే కొనేవాళ్ళకి లెక్క రావాలి. ప్రపంచంలో లిథియం బ్యాటరీ సగటు ధర 2010లో కిలోవాట్-అవరుకి వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024లో 115 డాలర్లకి దిగింది. ఆ దిగుడు మనదాకా ఎంత వచ్చిందో అడగాల్సింది మనమే.

అడిగేటప్పుడు ఇంకో సంగతీ మరవకూడదు. ఈ బ్యాటరీల్లో చాలావాటికి కావలసిన కోబాల్టు సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగోనుంచే వస్తుంది. అక్కడి చేతిగనుల్లో పిల్లలు కూడా తవ్వుతున్నారని లోకానికి తెలిసి ఏళ్ళయింది. భోపాల్ నేర్పిన పాఠం ఇంకా పాతబడలేదన్నమాట. మనం ఒక్కళ్ళం ఏం చెయ్యగలం అంటారా? పాడైన బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకుండా ఉండగలం. 2022 నుంచి మన దేశంలో నిబంధనలున్నాయి, అమ్మిన ఉత్పత్తిదారే పాత బ్యాటరీల్ని సేకరించి శుద్ధి చేయించాలి. తిరిగిచ్చిన బ్యాటరీలోంచి కోబాల్టు మళ్ళీ తియ్యొచ్చు. అంతమేరకు కొత్త గొయ్యి తవ్వక్కర్లేదు.

మా వడ్రంగి కథ ఏమైందంటారా? ఆవిడ ఈసారి దుకాణానికి తనే వెళ్ళింది. రెండు బ్యాటరీలున్న కిట్టు, కిందటేడు మోడలు, ఈ ఏడు నెల ముద్ర ఉన్నది బేరం చేసింది. బిల్లు మీద బ్యాటరీ నంబరు కూడా వేయించింది. షాపువాడు డ్రిల్లు పుల్లల డబ్బా ఒకటి ఊరికే ఇవ్వబోతే, “అది వద్దు బాబూ, బ్యాటరీ గ్యారంటీ ఇంకో ఆరు నెలలు రాసివ్వు” అందిట.

కొసరడగడం అంటే అదీ!